ఐదేళ్ళ తర్వాత మళ్ళీ హాలుకి వెళ్తే సినిమా మనసుకి పడుతుందా? ప్రొజెక్టర్ నడిపినవాడిగా నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2020 మార్చిలో హాళ్ళు మూసినప్పటి నుంచి మీరు మళ్ళీ థియేటర్ మెట్లెక్కలేదు. మరుసటి ఏడు మీ నాన్నగారు పోయారు. చిన్నప్పటి నుంచి సినిమా అంటే ఆయనతో వెళ్ళడమే అలవాటు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, ఇంట్లో పెద్ద టీవీ, మూడు ఓటీటీలు ఉన్నా ఏ సినిమా ఇరవై నిమిషాలు దాటి చూడలేకపోతున్నారు. చూసినా మర్నాటికి ఏమీ గుర్తుండటం లేదు. మళ్ళీ హాలుకి వెళ్తే ఏమైనా మారుతుందా, సినిమాలో నాకంటూ ఏదైనా దొరకాలంటే ఎలా చూడాలి, అమ్మని కూడా తీసుకెళ్ళాలా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. వెళ్ళండి. మొదటిసారి ఒక్కరే వెళ్ళండి. అందరూ మాట్లాడుకుంటున్న సినిమాకి కాదు, మీ బతుకుతో ఏదో ఒక చోట ముడిపడిన సినిమాకి వెళ్ళండి. మొదటి ఆటకే ఏదో జరిగిపోవాలని అనుకోవద్దు. రెండు మూడు సినిమాలు పడుతుంది. కానీ మారుతుంది. ఇది నేను నమ్మకంతో చెప్పగలను, ఎందుకో కింద రాస్తాను.

నేను కృష్ణా జిల్లాలో ఒక పట్నంలో సినిమా హాలు ఆపరేటర్‌ని. 1983లో రీళ్ళు వెనక్కి చుట్టే కుర్రాడిగా చేరాను, 1986లో లైసెన్సు వచ్చింది, 2018లో మానేశాను. రెండు కార్బన్ పుల్లల మధ్య కరెంటుతో రాజేసే వెలుగుతో మొదలుపెట్టి, తర్వాత జీనాన్ గ్యాసు దీపాలు చూసి, చివరికి హార్డ్ డిస్కు పెట్టి బటన్ నొక్కే దాకా వచ్చాను. సినిమాల గురించి విమర్శకులకి తెలిసినంత నాకు తెలియదు. సినిమా చూసే మనుషుల గురించి మాత్రం కొంచెం తెలుసు. ప్రొజెక్టర్లుండే క్యాబిన్‌లో మాకు రెండు మెషిన్లు, ఒక రీలు ఒకదాంట్లో, తర్వాతిది ఇంకోదాంట్లో నడిచేవి. ఒక్కో మెషిన్‌కి రెండు కిటికీలుండేవి. ఒకటి వెలుగు వెళ్ళడానికి, ఇంకోటి ఆపరేటర్ చూడటానికి. ఒకే సినిమా రోజుకి నాలుగు ఆటలు, యాభై రోజులు ఆడితే మీరైనా తెర చూడటం మానేసి తలకాయలే చూస్తారు.

అలా చూస్తే తెలిసిందేమిటంటే, హాలంతా ఏ చోట నవ్వుతుందో, ఏ చోట కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్తాయో రెండో రోజుకే మాకు తెలిసిపోతుంది. అది డైరెక్టర్ అనుకున్న చోటే. కానీ ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు ఎవరూ ఏడవని చోట ఏడుస్తారు. హీరో ఉత్తరం చదువుతుంటే కాదు, వెనక గోడకి గొడుగు వేలాడుతుంటే. అది ఆ మనిషి ఇంటి నుంచి తెచ్చుకున్నది. మీరు అడుగుతున్న 'నాకంటూ ఏదైనా' అదే.

ఒకాయన సంగతి చెప్తాను. ఎనభైల చివర్లో ఒక కుటుంబ సినిమా ఆడుతున్నప్పుడు ఒక రిక్షా ఆయన రోజూ మ్యాట్నీకి నేల టిక్కెట్టు కొనేవాడు. ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి వెళ్ళిపోయేవాడు. వారం రోజులు చూశాను. డబ్బులిచ్చి సగం సినిమా చూడటమేమిటని ఒకరోజు కిందికి దిగి అడిగాను. 'రెండో సగంలో ఆ తల్లి చచ్చిపోద్ది బాబూ. ఇప్పటిదాకా బతికే ఉంది గదా' అన్నాడు. ఇంకేం అడగలేకపోయాను. ఆయనకి ఆ సినిమా నచ్చిందా లేదా, బాగుందా లేదా అన్న ప్రశ్నే లేదు. తల్లి బతికున్న గంటన్నర ఆయనకి కావాలి, అది అక్కడ దొరికింది.

ఇంట్లో ఎందుకు దొరకడం లేదని మీకు అనుమానం రావచ్చు. అదే సినిమా, అవే మాటలు. నా అనుభవంలో అసలు తేడా తెర సైజు కాదు. మీ చేతిలో రిమోట్ లేకపోవడం. ఇంట్లో గుండెల్లో ఏదో కదలబోతుంటే మనకి తెలియకుండానే చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. మంచినీళ్ళు తాగుదామని, ఫోన్ చూద్దామని ఆపేస్తాం. మీరు ఇరవై నిమిషాలకి ఆపేస్తున్నది సినిమా బాగోలేక అనుకుంటున్నారు. మీ నాన్నగారు పోయాక మొదలైందని మీరే రాశారు కాబట్టి చెప్తున్నాను, అది బాగోలేక కాకపోవచ్చు. ఏ కథ అయినా ఇరవై నిమిషాలకి మనిషిని లోపలికి లాక్కోవడం మొదలుపెడుతుంది. అక్కడ మీరు ఆగిపోతున్నారు. హాల్లో ఆపడం మీ చేతుల్లో లేదు. ఆ బరువు అలా వచ్చి, మీ మీద నుంచి వెళ్ళి, తర్వాతి సీనులో తేలికవుతుంది. పక్కవాళ్ళు నవ్వితే మీకు తెలియకుండానే నవ్వేస్తారు.

చీకటి గురించి కూడా ఒక మాట. పాత ఫిల్ము మెషిన్‌లో సెకనుకి 24 బొమ్మలు. ఒక్కో బొమ్మ వెలుగు ముందు గేటు అనే సందులో ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. కదిలేటప్పుడు తెర మీద చారలు పడకుండా షట్టర్ రెక్క వెలుగుకి అడ్డం వస్తుంది. మిణుకు కనపడకుండా ఉండటానికి ఆగి ఉన్న బొమ్మ మీద కూడా ఇంకోసారి అడ్డం తిరుగుతుంది. లెక్క కడితే సినిమా నడిచినంతసేపట్లో సుమారు సగం సేపు తెర మీద అసలు వెలుగే ఉండేది కాదు. చూసేవాళ్ళు ఆ ఖాళీని తమ కళ్ళతోనే పూడ్చుకునేవాళ్ళు. ఈ సంగతి మా గురువుగారు మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు, షట్టర్‌ని చేత్తో తిప్పి చూపించారు. ఇప్పటి డిజిటల్ మెషిన్‌లో ఆ రెక్క లేదు. కాబట్టి పాత ఫిల్ము అనుభవమే మళ్ళీ వస్తుందని మీకు చెప్పను. కానీ చీకట్లో తెలియని మనుషుల మధ్య కూర్చోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా పై సలహా ఇస్తే సగమే చెప్పినట్టవుతుంది, ఎందుకంటే నేనూ హాలు మానేసినవాణ్ణే. 2019లో మా ఆవిడ పోయింది. తర్వాత ఆరేళ్ళు ఏ హాలు గేటూ దాటలేదు. ముప్పై అయిదేళ్ళు తిండి పెట్టిన చోటు, అయినా అటు వెళ్ళాలనిపించలేదు.

'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న విడుదలైంది. మా జిల్లాలో ఆ తేదీ ఎవరూ మర్చిపోలేరు, ఆ రోజే తుఫాను మచిలీపట్నం దిగువన తీరం దాటింది. సినిమా రీళ్ళ బాక్సులు ముందు రోజే మా హాలుకి వచ్చేశాయి. మెషిన్లకి నీళ్ళు తగలకుండా చూసుకోవడానికి నేను ఇంటికి వెళ్ళకుండా క్యాబిన్‌లోనే ఉండిపోయాను. మాకు పెళ్ళయి మూడు నెలలు. మూడో రోజు వాన తెరిపిచ్చింది, కరెంటు లేదు, ఓనరు గారు జనరేటర్ మీద ఆట వెయ్యమన్నారు. నేల క్లాసులో ఇంకా చీలమండల లోతు నీళ్ళున్నాయి. జనం బెంచీల మీద కాళ్ళు ముడుచుకొని కూర్చున్నారు. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయినవాళ్ళు కూడా వచ్చారు, నాకు తెలుసు వాళ్ళు.

ఆట మొదలైన కాసేపటికి క్యాబిన్ తలుపు దగ్గర మా ఆవిడ. చీర మోకాళ్ళ దాకా బురద, చేతిలో క్యారేజి. మూడు రోజులు నా కబురు తెలియక నడిచి వచ్చేసింది. తిరిగి పంపలేక స్టూలు వేసి, నడవని మెషిన్ పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. సినిమా అంతా అక్కడి నుంచే చూసింది. కార్బన్ పొగకి కళ్ళు నీళ్ళు కారుతున్నా లేవలేదు. రీలు మార్చేటప్పుడల్లా కిటికీ మార్చుకుంది.

నేను మాత్రం చూడలేదు. ఆపరేటర్ చూసేది సినిమా కాదు, తెరకి కుడివైపు పై మూల. రీలు అయిపోవడానికి ఎనిమిది సెకన్ల ముందు అక్కడ ఒక చుక్క పడుతుంది, అప్పుడు రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. చివరి సెకనులో ఇంకో చుక్క, అప్పుడు వెలుగు మార్చాలి. చుక్క ఉండేది నాలుగు బొమ్మల సేపే, సెకనులో ఆరో వంతు. రెప్ప వేస్తే పోతుంది. మిగతా సమయమంతా కార్బన్ పుల్లల మధ్య సందు సరిచేయడం, తర్వాతి రీలు ఎక్కించడం. ఆ రాత్రి నీళ్ళలో నడిచి ఇంటికి వెళ్తూ మా ఆవిడ ఒక చోటు గురించి అదే పనిగా చెప్పింది. దేవలోకం నుంచి వచ్చిన ఇంద్రజ (శ్రీదేవి వేషం) హీరో పెంచుతున్న అనాథ పిల్లలకి దగ్గరయ్యే చోటు. మా ఆవిడకి తల్లి లేదు, మేనత్త పెంచింది. 'దేవలోకం నుంచి వచ్చినామె కూడా పిల్లల దగ్గర ఉండిపోవాలనుకుంటుందండీ' అంది. నేను ఊఁ అన్నాను. నిద్ర లేక కళ్ళు మూతలు పడుతున్నాయి.

2025 మే 9న ఆ సినిమా మళ్ళీ విడుదల చేశారు. మా అమ్మాయి విజయవాడలో ఉంటుంది, పట్టుబట్టి తీసుకెళ్ళింది. మొదటి పది నిమిషాలు నా కళ్ళు కుడివైపు పై మూలే చూస్తున్నాయి. చుక్క రాదని తెలుసు. అయినా రీలు అయిపోయే లెక్కకి ఒళ్ళు బిగుసుకుంటోంది. ఎప్పుడు వదిలేశానో తెలియదు, పిల్లల సీన్లు వచ్చేసరికి నేను తెర మధ్యలోకి చూస్తున్నాను. ముప్పై అయిదేళ్ళ క్రితం రెండో మెషిన్‌కి రీలు ఎక్కిస్తూ నేను వదిలేసిన భాగం. వందకి పైగా ఆటలు వేసిన సినిమాలో ఆ భాగం మొదటిసారి కూర్చుని చూశాను. మా ఆవిడ ఆ రాత్రి చెప్పిన మాటకి అర్థం అప్పుడు తెలిసింది. పక్కన మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది, ఏమైంది నాన్నా అని అడగలేదు.

ఇంటికి వచ్చి పాత నోటు పుస్తకం తీశాను. కార్బన్లు ఎన్ని కాలాయి, ఫిల్ము ఎక్కడ తెగింది అని రోజూ రాసే పుస్తకం. ఆ తేదీ దగ్గర 'జనరేటర్ మీద ఆట. ఏడో రీలు ఒకచోట తెగింది, అతికాను. ఇంట్లోవాళ్ళు వచ్చారు' అని ఉంది. అంతే రాశాను అప్పట్లో.

ఆ సినిమా గొప్పదా కాదా అని మీరు నాతో వాదించవచ్చు, నేను వాదించను. నేను చెప్పేదల్లా, ఆ సాయంత్రం హాలుకి వెళ్ళకపోతే ఆ భాగం నాకు దొరికేది కాదు. టీవీలో ఆ సినిమా ఎన్నోసార్లు వచ్చింది. ఇంట్లో నడుస్తూనే ఉండేది, నేను లేచి ఇంకో గదిలోకి వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడు మీరు చెయ్యవలసినవి.

సినిమా ఎంచుకోవడం. రివ్యూలు, రేటింగులు పక్కన పెట్టండి. ఆడుతున్న సినిమాల్లో మీ ఊరి మాట ఉన్నది, నాన్న చేసిన లాంటి పని చూపించేది, చిన్నప్పుడు చూసి మళ్ళీ విడుదలైనది, ఇలా ఏదో ఒక కొక్కెం ఉన్నది చూడండి. 2022 తర్వాత పాత సినిమాలు మళ్ళీ తెర మీద వేయడం బాగా పెరిగింది. హైదరాబాదులో మీకు ఆ అవకాశం ఎక్కువ. మీరూ నాన్నగారూ కలిసి చూసినది దొరికితే మాత్రం మొదటిసారే దానికి వెళ్ళొద్దు. రెండోదో మూడోదో చెయ్యండి. కాలు విరిగి కట్టు విప్పినవాళ్ళు మొదటి రోజే కొండెక్కరు కదా.

ఆట ఎంచుకోవడం. మొదటి రోజు మొదటి ఆట వద్దు. కాగితాలు ఎగరెయ్యడం, ఈలలు, అరుపులు. అందులో ఉండే ఆనందం నిజమైనదే, నేను పైనుంచి చూసి ఎన్నోసార్లు ఒళ్ళు జలదరించినవాణ్ణి. కానీ మీకిప్పుడు కావలసింది అది కాదు. రెండో వారంలో మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి మార్నింగ్ షోకి వెళ్ళండి. ముప్పై నలభై మంది ఉంటారు. ఒక్కరే వచ్చినవాళ్ళు మీరు అనుకున్నదానికంటే ఎక్కువమంది కనిపిస్తారు.

సీటు సంగతి చిన్నది గానీ చాలామంది తప్పు చేస్తారు. బాల్కనీ చివరి వరుస మంచిదనుకుంటారు. హాలు పొడవులో తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, మధ్యలో కూర్చోండి. సౌండు సరిచేసేవాళ్ళు సాధారణంగా ఆ చుట్టుపక్కలే నిలబడి సరిచేస్తారు, మాట స్పష్టంగా వినపడేది అక్కడే.

ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, ఆపేయండి. ఆఫీసు టెన్షన్ ఉంటే సెలవు రోజే వెళ్ళండి. ప్రకటనలు మొదలయ్యే ముందే లోపల ఉండండి, దీపాలు ఆరడం చూడాలి. మా రోజుల్లో దీపాలు ఒక్కసారిగా ఆర్పేవాళ్ళం కాదు, మెల్లగా తగ్గించేవాళ్ళం. ఆ అర నిమిషంలో జనం ఎలా సర్దుకుంటారో, మాటలు ఎలా అణిగిపోతాయో చూస్తే ఎందుకలా చేసేవాళ్ళమో తెలుస్తుంది.

అయిపోయాక వెంటనే ఎవరికీ ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పొద్దు. బాగుంది, బాగోలేదు అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే ఇక మనసు అక్కడితో ఆగిపోతుంది. ఒక బస్టాపు దూరం నడవండి. ఇంటికి వెళ్ళాక మూడు ముక్కలు రాసుకోండి: తేదీ, హాలు పేరు, సినిమాలో మీ కళ్ళకి కట్టినట్టు మిగిలిన ఒకే ఒక్క బొమ్మ. ఎందుకు మిగిలిందో రాయనక్కర్లేదు. అది తర్వాత తెలుస్తుంది. నాకు ముప్పై అయిదేళ్ళు పట్టింది, మీకు అంత పట్టదు.

కొన్ని హెచ్చరికలు. హాల్లో ఊపిరి ఆడనట్టు, గుండె దడగా అనిపిస్తే లేచి బయటికి వచ్చేయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాంటి భయం ఉంటే నడి మధ్య సీటు కాకుండా అదే వరుసలో దారి పక్క సీటు తీసుకోండి. అలా ప్రతిసారీ అవుతుంటే, లేదా సినిమాలే కాదు దేని మీదా మనసు నిలవకపోతుంటే అది సినిమా విషయం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. దుఃఖాన్ని మందులా సినిమాతో మాన్పుకోవచ్చని నేను అనను. ఖర్చు కూడా చూసుకోవాలి. మల్టీప్లెక్సులో టిక్కెట్టు, తినుబండారాలు కలిపితే నెలకి నాలుగుసార్లు వెళ్ళడం ఎవరికైనా భారమే. మీకు దగ్గరలో పాత హాలు ఇంకా నడుస్తుంటే అక్కడికి వెళ్ళండి. కళ్యాణమండపాలుగా మారినవి పోగా మిగిలినవి కొన్నే. అక్కడ మీరు కొనే టిక్కెట్టు వాళ్ళకి నిజంగా పనికొస్తుంది.

అమ్మగారి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు బాగా పట్టుకున్నది అదే. తీసుకెళ్ళండి, కానీ మీరు ఒకటి రెండు చూసి కాస్త కుదురుకున్నాక. ఏ సినిమాకి అన్నది మీరు నిర్ణయించొద్దు. నాన్నా తనూ పెళ్ళయ్యాక మొదట చూసిన సినిమా ఏదో, ఏ ఊళ్ళో, ఏ హాల్లో అని ఆమెని అడగండి. మా వయసు ఆడవాళ్ళని ఇలాంటివి ఎవరూ అడగరు. వాళ్ళకి టిక్కెట్టు ధరతో సహా గుర్తుంటుంది. మ్యాట్నీకి వెళ్ళండి, సెకండ్ షో వద్దు. ఇప్పటి సౌండు పెద్దవాళ్ళకి ఎక్కువవుతుంది, చెవుల్లోకి కాస్త దూది దగ్గర ఉంచుకోండి. మెట్ల మీద చీకట్లో చెయ్యి పట్టుకోండి. ఇంటర్వెల్‌లో ఆమెకి ఏం కావాలో మీరే వెళ్ళి తెచ్చి ఇవ్వండి, ఆ పని ఇన్నాళ్ళూ నాన్నగారు చేసి ఉంటారు.